పిట్స్‌బర్గ్‌లో కాపురం

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా పిట్స్‌బర్గ్ వెళుతున్నారు. ఊరు కాపురానికి అనువేనా?

జవాబు: అనువేనమ్మా. ఒకప్పుడు ఉక్కు కొలిముల పొగకు పట్టపగలే వీధిదీపాలు వెలిగిన ఊరది. ఇప్పుడు ఆసుపత్రులూ, కార్నెగీ మెలన్ లాంటి విశ్వవిద్యాలయాలూ తిండి పెడుతున్నాయి. న్యూయార్క్‌తో పోలిస్తే అద్దెలు బాగా తక్కువ. చలికాలంలో మాత్రం ఎండ అపురూపం.

మంచు పడ్డాక ఇంటి ముందు పారతో కారుకు చోటు చేసుకున్నవాళ్లు అక్కడో పాత కుర్చీ వేసి పోతారు. మన బస్సు సీటుకు కర్చీఫ్ వేసినట్టే! దాన్ని జరిపి కారు పెట్టొద్దని అల్లుడుగారికి చెప్పండి.

మీరు వెళితే 1877 నాటి డ్యూకేన్ ఇంక్లైన్ ఎక్కండి. కొండవాలున పట్టాల మీద పాకే ఆ పెట్టెలోంచి, రెండు నదులు కలిసి ఒహాయో అయ్యే చోటు కనిపిస్తుంది. ఊరి శివారు పెన్ హిల్స్‌లో 1970లలోనే వెలిసిన వెంకన్న గుడి ఉంది. క్యాంటీన్‌లో పులిహోర కూడా దొరుకుతుంది.