ఒక్కరికి గాయం, మూడు చోట్ల మార్పు



పెద్ద తరగతుల్లో పర్ముటేషన్స్ పాఠం మొదలవగానే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "ఇది ఎక్కడ పనికొస్తుంది?" ఈ నెల దానికి జవాబు అమెరికన్ ఫుట్‌బాల్‌లో చూద్దాం.

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ ఆడతారు. విసిరే ఆటగాడు క్వార్టర్‌బ్యాక్. ప్రత్యర్థులు అతని మీదికి దూసుకురాకుండా ఐదుగురు గోడలా నిలబడతారు. అదే అఫెన్సివ్ లైన్. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, రెండు చివర్లా టాకిల్స్. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు వెనకవైపు కనబడదు కదా, ఆ వైపు కాసేది లెఫ్ట్ టాకిల్.

ఈ ఐదుగురిలో ఒకరికి గాయమైతే కోచ్ ముందు రెండు దారులు ఉంటాయి.

మొదటిది: బెంచ్ మీదున్న ఆటగాడిని అదే చోట దించడం. మిగతా నలుగురూ కదలరు. కానీ కొత్తగా వచ్చినవాడు తట్టుకోలేకపోతే గోడకు అక్కడే కన్నం పడుతుంది.

రెండోది: ఉన్నవాళ్లలో మెరుగైన ఐదుగురిని తీసుకుని చోట్లు సర్దడం. అప్పుడు ఒక్క గాయానికి రెండు మూడు చోట్లు మారతాయి. కుడివైపు అలవాటైనవాడు ఎడమకు వస్తే నిలబడే తీరు, వేసే అడుగు అన్నీ తిరగబడతాయి. పక్కవాడితో సమన్వయం మళ్లీ మొదటినుంచి కుదరాలి.

కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టుకు సరిగ్గా ఇదే ఎదురైంది. రైట్ టాకిల్ మిచెల్ ష్వార్జ్ వెన్ను గాయంతో 2020 అక్టోబరు నుంచే ఆటకు దూరమయ్యాడు. అతని చోట మైక్ రెమ్మర్స్ ఆడుతున్నాడు. 2021 జనవరి 24న, ఫైనల్‌కు ముందు మ్యాచ్‌లో, లెఫ్ట్ టాకిల్ ఎరిక్ ఫిషర్‌కు మడమ వెనకుండే అకిలిస్ టెండాన్ తెగింది. దాంతో రెమ్మర్స్‌ను ఎడమ చివరికి మార్చారు. కుడి చివరికి రైట్ గార్డ్ ఆండ్రూ వైలీ వెళ్లాడు. వైలీ చోటికి బెంచ్ నుంచి స్టీఫెన్ విస్నియెవ్‌స్కీ వచ్చాడు. గాయం ఒకటి, మార్పులు మూడు!

ఫిబ్రవరి 7న జరిగిన ఆ ఫైనల్లో, అంటే సూపర్ బౌల్‌లో, సీజన్ మొదటి మ్యాచ్ నాటి చోటులోనే నిలబడింది సెంటర్ ఆస్టిన్ రైటర్ ఒక్కడే. క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఆటంతా పరుగులు పెడుతూనే ఉన్నాడు. చీఫ్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేక 31–9తో ఓడిపోయింది. ఓటమికి లైన్ ఒక్కటే కారణం కాదు. మహోమ్స్ కాలి బొటనవేలికీ గాయం ఉంది. అయినా జట్టుకు పాఠం అర్థమైంది. తర్వాతి సీజన్ మొదటి మ్యాచ్‌కు లైన్‌లో ఐదుగురూ కొత్తవాళ్లే. 2023 ఫిబ్రవరిలో అదే జట్టు 38–35తో సూపర్ బౌల్ గెలిచింది. ఆ రోజు మహోమ్స్‌ను బంతితో సహా ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయారు.

ఇంట్లో చేయించండి: కాగితం మీద ఐదు గళ్లు గీయించండి. ఎనిమిది మంది ఆటగాళ్లను ఐదు చోట్ల ఎన్ని రకాలుగా నిలబెట్టవచ్చు? 8×7×6×5×4, అంటే 6,720 రకాలు. ఇప్పుడు ఒక చివరి ఆటగాడిని తీసేసి, "ఎంత తక్కువమందిని కదిపి సర్దగలవు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు సూత్రం జవాబు చెబుతుంది. రెండోదానికి ఆలోచించాలి. కోచ్ చేసే పని ఆ రెండోదే.

చివరిగా ఒక మనవి. జట్టులో చోటు పోతుందని పిల్లలు బెణుకు, నొప్పి దాచేస్తుంటారు. మ్యాచ్‌కు ముందే తెలిస్తే పీఈటీ సార్ మరొకరిని సిద్ధం చేయగలరు, మీ బిడ్డకు విశ్రాంతీ దొరుకుతుంది. దయచేసి ఆ విషయం మీరే ముందుగా డైరీలో రాసి పంపండి.