కథలో ముడి వీడే తీరు

గూఢచారి నవలలో పరాకాష్ఠ తరువాత రెండు ఘట్టాలు మిగులుతాయి. రహస్యాలు ఒక్కొక్కటిగా బయటపడటం అవరోహణ. కథ ఫలసిద్ధి పొందడం పరిష్కారం. రూపకాలలో ఈ రెండవదానిని ఆలంకారికులు నిర్వహణ సంధి అన్నారు.

రాజమహేంద్రవర వాసి కందుకూరి వీరేశలింగం రచించిన 'రాజశేఖర చరిత్రము' గూఢచారి నవల కాదు. 1880లో గ్రంథరూపం పొందిన ఈ నవలలో మారువేషాలే ముడులు. ధవళేశ్వరంలో సంపన్నుడైన రాజశేఖరుడు ముఖస్తుతులకు లొంగి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి నిర్ధనుడవుతాడు. చివరకు చెరసాల పాలవుతాడు.

అనంతరం తెరలు తొలగుతాయి. రామరాజు అనే బాటసారి పెద్దాపుర ప్రభువు కృష్ణజగపతి అని తెలుస్తుంది. పురుషవేషంలోని సుబ్బరాయుడు, మరణించిందనుకొన్న కుమార్తె రుక్మిణియే. రాజశేఖరునికి విముక్తి లభిస్తుంది.

రాజానుగ్రహంతో ముగిసిన కథలో నాయకుని పాత్ర ఏమిటి? వడదెబ్బకు సొమ్మసిల్లిన రామరాజును, అతడెవరో తెలియకయే, రాజశేఖరుడు పూర్వం సేదదీర్చాడు. ముగింపుకు బీజం ఆ దయలోనే ఉంది. బీజం లేని ముగింపు చమత్కారమే గాని పరిష్కారం కాదు.

ప్రశ్న: అవరోహణ, పరిష్కారాల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.