ఇబ్లీసు పతనము - మత సంప్రదాయములు

యూద, క్రైస్తవ, ఇస్లాం మతములు మూడును షైతానును ఎరుగును. బైబిలు వాడుకలో అతడు సాతాను, ఖుర్ఆన్‌లో ఇబ్లీసు. కాని అతడేల పతితుడయ్యెనను ప్రశ్నకు అన్నిచోట్ల ఒకే సమాధానము లేదు. ఆ భేదములను మనము సంగ్రహముగా పరిశీలింతము.

యోబు గ్రంథమున సాతాను పతితుడు కాడు. దైవసభలో నిలిచి మానవుని దోషములెంచువాడు మాత్రమే. యెషయా గ్రంథము 14వ అధ్యాయమున ఆకాశమునుండి పడిన వేకువచుక్క ప్రస్తావన కలదు. అది బబులోను రాజును గూర్చిన ఎత్తిపొడుపు. క్రీ.శ. 3వ శతాబ్దమున ఓరిగెన్ వంటి క్రైస్తవ పండితులు దానిని సాతానునకు అన్వయించిరి. లాటిను బైబిలులో వేకువచుక్కకు వాడిన 'లూసిఫర్' అను పదమే క్రమముగా అతని పేరైనది. 1667లో వెలువడిన మిల్టను మహాకావ్యమున, దైవకుమారుని ఆధిక్యమును సహింపలేక అతడు తిరుగుబాటు చేయును.

దివ్య ఖుర్ఆన్ ఈ వృత్తాంతమును ఏడు సూరాలలో చెప్పినది. హజ్రత్ ఆదమునకు సజ్దా చేయుడని అల్లాహ్ ఆజ్ఞాపింపగా ఇబ్లీసు నిరాకరించెను. తాను అగ్నినుండియు, ఆదము మట్టినుండియు పుట్టుటయే అతడు చూపిన కారణము. అతడు జిన్నుల జాతివాడని కహఫ్ సూరా తెలుపుచున్నది. దేవదూతలలోనివాడని తలచిన వ్యాఖ్యాతలును కలరు. 'ఆదాము హవ్వల చరిత్ర' అను ప్రాచీన గ్రంథమునను ఇట్టి నిరాకరణమే కనబడును. అయితే అందు అతని వాదము వేరు: తాను ముందు పుట్టినవాడు, ఆదాము తరువాతివాడు.

సూఫీలలో 922లో బాగ్దాదున మరణశిక్షకు గురియైన హల్లాజ్, ఇబ్లీసు నిరాకరణమున దైవేతరునకు తలవంచని ఏకత్వనిష్ఠను చూచెను. మౌలానా రూమీ మస్నవీ మార్గము వేరు. ఇబ్లీసు ఆదములోని మట్టినే చూచెను గాని అందలి ఆత్మను కానలేదని ఆయన భావము. తప్పిదము ఆదము వలనను జరిగినది; కాని ఆదము దానిని తనదని ఒప్పుకొని క్షమాపణ వేడెను. ఇబ్లీసు తన్ను దారి తప్పించినది దైవమేయని నిందించెను.

ఈ చివరి భేదమే మనకు ముఖ్యము. పుట్టుకను చూపి తాను గొప్పవాడననుట ఇబ్లీసు వాదము. కులమును బట్టి తోటివానిని తక్కువగా చూచునపుడు మనము పలుకునది ఆ మాటయే. సమానత్వమును బోధించు మతమున పుట్టియు, పెండ్లి సంబంధములకడ వంశము లెక్కించు మన ముస్లింలును దీనికి అతీతులు కారు. కథలు వేరైనను, ఆదము సంతతియైన మనము ఎవరి మాటను అనుసరించుచున్నామో ఆత్మపరీక్ష చేసికొనవలసియున్నది.