రొయ్య పెంకులోని సారము

మన చిత్తూరు సీమవారికి రొయ్య కొంత దూరపు చుట్టము. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి, సూళ్ళూరుపేట, తడ ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరుటతో పులికాట్ సరస్సు మన జిల్లాకు అంచైనది. ప్రళయకావేరి యని కూడ పిలువబడు ఈ సరస్సు, భారతదేశమున సముద్రమును అంటియున్న ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత రెండవది. ఇచటి రొయ్యలును, పీతలును ప్రసిద్ధములు.

రొయ్యను ఒలిచినపుడు దాని బరువులో దాదాపు సగము తల, పెంకుల రూపమున చెత్తకుప్ప పాలగుచున్నది. రుచిలో అధికభాగము ఆ పారవేయు దానియందే కలదు. పెంకుల సారమును తీసి, మీగడ చేర్చి ఫ్రెంచివారు చేయు చిక్కని సూపునకు 'బిస్క్' అని పేరు. పూర్వము దానిని చిక్కపరచుటకు వాడిన వానిలో బియ్యము ముఖ్యమైనది. పారసీకము నుండి ఉర్దూలోనికి వచ్చిన 'షోర్బా' ఎరిగిన మన ఇండ్లకు ఈ వంటకము పరాయిది కాదు.

పచ్చి రొయ్య ఉడికినపుడు ఎర్రబారుట ఎందువలన? పెంకులోని ఆస్టాజాంతిన్ అను ఎర్రని వర్ణద్రవ్యము ఒక మాంసకృత్తుతో బంధింపబడి యుండును. వేడికి ఆ బంధము వీడి రంగు బయల్పడును. అది నీటిలో కరగదు, కొవ్వులో కరగును. కావున పెంకులను మొదట వెన్నలో వేయించుట ఈ వంటకు ప్రాణము.

నలుగురికి అరకిలో తలలున్న రొయ్యలు చాలును. పెంకు నిగనిగలాడుచు, తల గట్టిగా అంటియుండవలెను. ఘాటైన వాసన వచ్చినచో కొనరాదు. రొయ్యలను కడిగి ఒలిచి, వీపుననున్న నల్లని నరమును తీసి, కండను వేరుగా నుంచవలెను. రెండు పెద్ద చెంచాల వెన్నలో తలలు, పెంకులు ఎర్రబారువరకు వేయించి, తరిగిన ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రేకలు, రెండు టమాటాలు వేసి మగ్గనీయవలెను. అయిదు కప్పుల నీరు పోసి, సన్నని సెగపై ఇరువదియైదు నిమిషములు కాచి, పలుచని గుడ్డలో వడగట్టి పిండవలెను.

ఆ రసములో రెండు పెద్ద చెంచాల బియ్యము మెత్తగా ఉడికించి, చల్లార్చి, మిక్సీలో రుబ్బి, మరల పొయ్యిపై నుంచవలెను. ఉప్పు, మిరియాలపొడి చేర్చి, రొయ్య కండను వేసి రెండు మూడు నిమిషములు ఉడికించిన చాలును. మించినచో కండ గట్టిపడును. చివర సెగ తగ్గించి అరకప్పు మీగడ కలిపి దింపవలెను. మీగడ పడిన పిదప మరిగించినచో, టమాటా పులుపునకు అది విరిగిపోవచ్చును.

ఒక హెచ్చరిక. కొందరి శరీరమునకు రొయ్యలు, పీతలు సరిపడవు. దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవుట కలుగవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును సంభవించును. అట్టివారికి ఈ పెంకుల రసమును సైతము ఈయరాదు. అతిథులకు వడ్డించు ముందు ఒక్కమాట అడుగుట గృహస్థుని ధర్మము.

గదులలో స్వయముగా వండుకొను విద్యార్థులకు ఇది కష్టసాధ్యము కాదు. రొయ్యలకు వెల చెల్లించునపుడు పెంకులకును చెల్లించుచున్నాము. సారము తీయకయే వానిని పారవేయుట ఎందులకు?