అధిపతి భత్యము – పనివాని కూలి

ధ్యానభాగము: నెహెమ్యా 5వ అధ్యాయము



కంభము చెరువు క్రిందగాని, మన ఊరి కుంట క్రిందగాని సేద్యము చేయువారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. తూము దగ్గరి మడి అవసరమునకు మించి నీరు పెట్టుకొన్నయెడల, చివరి మడికి తడి అందదు. చెరువు ఒక్కటే, నీరు ఒక్కటే. పంచుకొనుటలోనే భేదమున్నది. జీతముల విషయమును ఈ నెల ఈ పోలికతో ధ్యానింతము.

1. చివరి మడి

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో అనేక కుటుంబములు అప్పుచేసి, ఉన్న కొద్దిపాటి పొలమును తాకట్టుపెట్టి, బిడ్డలను ఇంజనీరింగు చదివించినవి. ఆ బిడ్డలు హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్లి ఉద్యోగములలో చేరుచున్నారు. అయితే దేశములోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలలో క్రొత్తగా చేరువారికి ఇచ్చు సాధారణ జీతము, ఏటికి మూడున్నర లక్షల రూపాయల చుట్టుప్రక్కలనే పది సంవత్సరములకు పైగా నిలిచిపోయినది. ఇంటి అద్దెయు, బియ్యము ధరయు, బస్సు ఛార్జీయు అట్లు నిలువలేదు. ఏటేట లక్షలమంది పట్టభద్రులు బయటికి వచ్చుచున్నారు. ఒకడు చాలదన్న జీతమునకు పదిమంది సిద్ధముగా నుందురు గనుక, కంపెనీకి జీతము పెంచవలసిన అక్కర కలుగుట లేదు.

2. తూము దగ్గరి మడి

2013 నాటి కంపెనీల చట్టము ఒక మంచి నియమము చేసినది. షేరు మార్కెట్టులో నమోదైన ప్రతి కంపెనీయు, తన డైరెక్టర్ల జీతము మధ్యస్థ ఉద్యోగి జీతమునకు ఎన్ని రెట్లున్నదో ఏటేట ప్రకటింపవలెను. ఉద్యోగులందరిని జీతముల వరుసలో నిలిపినయెడల, సరిగా నడుమ నిలుచువాడే మధ్యస్థ ఉద్యోగి. ఇన్ఫోసిస్ కంపెనీ ప్రకటన ప్రకారము, 2024-25లో దాని ముఖ్య నిర్వహణాధికారి పొందినది సుమారు 80 కోట్ల 62 లక్షల రూపాయలు. ఇది మధ్యస్థ ఉద్యోగి జీతమునకు 752 రెట్లు. అందులో పెద్దభాగము కంపెనీ వాటాల రూపమున వచ్చినది. వాటాల ధర పెరిగినకొలది ఆ ఆదాయమును పెరుగును. క్రొత్తగా చేరిన కుఱ్ఱవాని జీతమునకు అట్టి రెక్కలు లేవు.

ఇది మన దేశపు సంగతి మాత్రమే కాదు. అమెరికాలోని ఎకనమిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారము, అక్కడి అతి పెద్ద కంపెనీల అధిపతులు 1965లో సామాన్య ఉద్యోగికంటె సుమారు 20 రెట్లు పొందుచుండగా, 2024 నాటికి అది సుమారు 280 రెట్లయినది.

పెద్ద బాధ్యత మోయువానికి పెద్ద జీతము తగదని లేఖనము చెప్పదు. మరి ఏమి చెప్పుచున్నది?

3. నెహెమ్యా మాదిరి

యెరూషలేము గోడ కట్టుచున్న దినములలో ప్రజల మొఱ్ఱ లేచెను. కరవుచేత పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు తాకట్టు పడినవి. రాజు పన్ను కట్టుటకై అప్పులు చేసిరి. కుమారులును కుమార్తెలును దాస్యములోనికి పోవుచుండిరి. నెహెమ్యా ప్రధానులను అధికారులను సభలో నిలువబెట్టి గద్దించెను.

గద్దించుటతో అతడు ఊరకుండలేదు. అతనికి ముందున్న అధిపతులు ఆహారము, ద్రాక్షారసము గాక నలువది తులముల వెండి తీసికొనుచుండిరి. నెహెమ్యా పండ్రెండు సంవత్సరములు ఆ భత్యమును ముట్టలేదు. అతని బల్లయొద్ద నూట ఏబదిమంది యూదులును అధికారులును భోజనము చేయుచుండిరి గనుక ఖర్చు తక్కువైనది కాదు. హక్కు లేకపోలేదు. దేవుని భయమును, జనులమీద ఉన్న భారము బరువైనదను ఎరుకయు అతని చేతిని పట్టినవి. నాకు ఎంత రావలెనని అడుగుటకు ముందు, ఈ జనులు ఎంత మోయుచున్నారని అతడు చూచెను. ఈ పాఠమునకు సారము ఇదే.

4. పలకల సాక్ష్యము

తండ్రి కూలి చాలనప్పుడు బిడ్డ బాల్యము దానికి బదులు చెల్లించును. మార్కాపురము పలకలు దేశమంతట బడులకు పోయినవి. వాటిమీద ఎందరో పిల్లలు అక్షరములు దిద్దిరి. కాని ఆ పలకల పనిలో బడికి పోవలసిన పిల్లలే ఉండిరి. 1987లో కేంద్ర ప్రభుత్వము బాలకార్మిక విధానమును ప్రకటించి, పని మాన్పించిన పిల్లలకు చదువు చెప్పు పథకములకై ఎంచిన మొదటి చోట్లలో మన మార్కాపురము పలకల పరిశ్రమ ఒకటి. నెహెమ్యా కాలపు మొఱ్ఱ మన గనులయొద్దను వినబడినదని మనము మరువరాదు.

5. మన గుమ్మములో

ఇంతవరకు కోట్ల జీతముల మాట చెప్పుకొంటిమి. అది సులభము, ఏలయనగా ఆ జీతము పొందువారు మన ఆరాధనలో కూర్చుండలేదు. ఇప్పుడు మన సంగతి చూతము. మిరపకాయలు కోయ వచ్చిన స్త్రీకి మనమేమి ఇచ్చుచున్నాము? పంట ధర పెరిగిన ఏట ఆమె కూలి పెంచితిమా? శనివారపు కూలిని మంగళవారమునకు నెట్టుచున్నామా? గుడి ఊడ్చు అక్కకు పది సంవత్సరముల క్రిందటి జీతమే ఇచ్చుచు, పండుగకు దీపాల ఖర్చు పెంచుకొనుచున్నామా? సూర్యుడు అస్తమింపకముందే కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించినది. ఆ ఆజ్ఞ కంపెనీలకు ఎంతో, మన కళ్లమునకును అంతే.

కనుక ఈ నెల సంఘ కమిటీ లెక్కలు చూచునప్పుడు, అతి తక్కువ పొందువారి జీతమును మొదట చదివి, పెద్ద ఖర్చులను తరువాత చదువుదము. ఈ వరుస మార్పు చిన్నదే అయినను, నెహెమ్యా చూపు మనకు అలవాటగును.

ఇంటివద్ద ఆలోచించుటకు:
1. నెహెమ్యా హక్కుగల భత్యమును ఏల విడిచెను?
2. యాకోబు 5:4లో కేక వేయునది ఏది? అది ఎవరి చెవులకు చేరినది?
3. మనయొద్ద నిలిచిపోయిన కూలి ఎవరిదైనను ఉన్నదా? దానిని ఏ దినమున చెల్లింతుము?

ప్రార్థన: ప్రభువా, తూము దగ్గర నిలిచినప్పుడు చివరి మడిని చూచు కన్నులు మాకు దయచేయుము. మేము బిగపట్టిన కూలిని విప్పుటకు మాకు బలమిమ్ము. ఆమేన్.