గాలిని చూసి సెలవు పెట్టండి

ఏడాది మొదట్లో ఆఫీసు సెలవుల జాబితా రాగానే అందరం చేసే పని ఒకటే, పండగల పక్కన ఏ వారాలు పడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం. దసరాకు రెండు సెలవులు జతచేస్తే వారం పైన దొరుకుతుంది, దీపావళికి ఒకటి జతచేస్తే నాలుగు రోజులు. ఊటీకైనా గోవాకైనా ఈ లెక్క చాలు. కైట్‌బోర్డింగ్ నేర్చుకుందామని బయల్దేరేవాళ్లను మాత్రం ఇదే నిలువునా ముంచుతుంది. మనకు దగ్గరలో ఈ ఆటకు పేరున్న చోట్లు రెండు: తమిళనాడులో రామేశ్వరం, శ్రీలంక వాయవ్య తీరంలో కల్పిటియ. రెండింట్లోనూ గాలి మీద బొత్తిగా భరోసా లేని కాలం అక్టోబరు, నవంబరు. సరిగ్గా మన పండగ సెలవులన్నమాట.

ఆట సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కాళ్ల కింద చిన్న బోర్డు, నడుముకు పట్టీ, ఆ పట్టీకి ఇరవై మీటర్ల పైచిలుకు తాళ్లతో తగిలించిన పెద్ద కైట్. అది లాగుతుంటే నీళ్ల మీద జారిపోతాం. ఇంజను లేదు, తెడ్డు లేదు. గాలి లేకపోతే ఆటే లేదు.

గాలి వేగాన్ని నాట్లలో చెప్పుకుంటారు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 12 నాట్ల లోపు వీస్తే కొత్తవాళ్లకు మిగిలేది ఒడ్డున కూర్చుని కొబ్బరిబోండాం తాగడమే. 15 నుంచి 20 మధ్య ఉంటే నేర్చుకోవడానికి హాయి. 25 దాటితే అనుభవజ్ఞులు చిన్న కైట్‌తో ఆడతారు, కొత్తవాళ్లు ఒడ్డునుంచి చూస్తారు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. గాలి వేగం రెట్టింపైతే దాని లాగుడు నాలుగింతలవుతుంది. 12 నాట్లకూ 18 నాట్లకూ తేడా ఆరే కదా అనిపిస్తుంది, చేతుల మీద పడే బలం మాత్రం రెండింతలకు పైనే.

ఈ రెండు ఊళ్లకూ గాలి రెండు విడతలుగా వస్తుంది. మొదటిది నైరుతి విడత. మే రెండో సగంలో ఊపందుకుని సెప్టెంబరు చివరిదాకా సాగుతుంది. రుతుపవనాలనగానే మనకు వానే గుర్తొస్తుంది కాబట్టి, జూలైలో సముద్రం ఒడ్డుకు పోతున్నానంటే ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. కానీ ఆ వానలో చాలా భాగం పడమటి కనుమల మీద, లంక నైరుతి కొండల మీద కురిసిపోతుంది. వాటి వెనక వానచాటున ఉన్న రామేశ్వరానికీ కల్పిటియకూ చేరేది ఎండా గాలీ. పైగా అటు కనుమలు, ఇటు లంక కొండలు ఉండటంతో ఆ సందులో దూరిన గాలి మరింత జోరందుకుంటుంది. తమిళుల ఆడి మాసం జూలై మధ్యలో మొదలవుతుంది. ఆడి గాలికి సన్నికల్లు కూడా కదులుతుందని వాళ్ల సామెత. ఆషాఢం గాలులు ఎరిగిన అనంతపురంవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండోది ఈశాన్య విడత. డిసెంబరు చివరి నుంచి మార్చి తొలి వారాల వరకు. నైరుతితో పోలిస్తే మెత్తన, మధ్యలో ఒకటి రెండు రోజులు ఆగిపోతుంది కూడా. నిజానికి మొదటిసారి కైట్ పట్టుకునేవాళ్లకు నేను ఈ గాలినే చెబుతాను. జూలై గాలి నమ్మకమైనదే గాని దాని ధాటికి కొత్తవాళ్లు కొన్ని రోజులు ఒడ్డునే ఉండిపోవాల్సి వస్తుంది. నేర్చుకున్నవాళ్లకు జూన్ నుంచి ఆగస్టు, నేర్చుకునేవాళ్లకు జనవరి, ఫిబ్రవరి. సెప్టెంబరు ఇద్దరికీ పనికొస్తుంది.

ఈ రెండు విడతల నడుమ ఉన్నదే మన దసరా, దీపావళి కాలం. నైరుతి వెనక్కి మళ్లుతుంది, ఈశాన్యం ఇంకా కుదురుకోదు, వానలు ఆ తీరం మీదే పడతాయి, బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టేదీ అప్పుడే. 1964 డిసెంబరులో రామేశ్వరం దీవి కొసనున్న ధనుష్కోడిని తుడిచిపెట్టిన తుపాను ఆ కాలానిదే. క్రిస్మస్ వారానికి టికెట్లు తీసుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. గాలి రావచ్చు, దాంతోపాటు వాయుగుండమూ రావచ్చు.

మన క్యాలెండరును దీని పక్కన పెట్టి చూడండి. సంక్రాంతి ఈశాన్య గాలిలో పడుతుంది. ఇంటికి పోకుండా సంక్రాంతికి రామేశ్వరం పోతానంటే అమ్మ ఊరుకోదు కాబట్టి, పండగ ఇంట్లో చేసుకుని జనవరి 26ను ఆసరా చేసుకోవడం మేలు. ఉగాది నాటికి ఆ గాలి సన్నగిల్లుతుంది. పంతుళ్లకు వేసవి సెలవులు జూన్ రెండో వారం దాకా ఉంటాయి కాబట్టి మే ఆఖరు వాళ్లకు బాగా కలిసొస్తుంది, ప్రైవేటు కంపెనీలవాళ్లకు అసూయ పుట్టేంతగా. ఆగస్టు 15 మంచి గాలిలో ఉంటుంది. వినాయకచవితి ఆగస్టులో వచ్చినా సెప్టెంబరులో వచ్చినా పరవాలేదు.

ఇక అసలు లెక్క. మొదటి కోర్సుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల శిక్షణ పడుతుంది. రోజుకు రెండు మూడు గంటలకు మించి కొత్త ఒళ్లు ఓర్చుకోదు. అంటే నీళ్లలో నాలుగు గాలి రోజులు కావాలి. పదింట ఎనిమిది రోజులు గాలి వీచే నెలలో వెళ్తే సగటున ఐదు రోజుల్లో ఆ నాలుగూ దొరుకుతాయి, ఇంకొకటి కలుపుకుంటే నిశ్చింత. పదింట మూడు రోజులే వీచే నెలలో వెళ్తే అదే నాలుగింటికి పదమూడు రోజులు కూర్చోవాలి. చౌకగా వచ్చిందని అక్టోబరు టికెట్ కొన్నవాళ్లు హోటల్ బిల్లు రూపంలో అంతకంతా కట్టేది ఇక్కడే, సెలవులు కరిగిపోవడం అదనం.

కొత్త చోటు ఏదైనా నమ్మదగ్గదా కాదా అని తేల్చుకోవడానికి నేను హోటల్ ఫొటోలు చూడను, గాలిమరలు చూస్తాను. కోట్లు పోసి మర నిలబెట్టేవాడు ఏళ్లకేళ్లు గాలి కొలిచాకే నిలబెడతాడు. కన్యాకుమారి దగ్గర ముప్పందల్ కొండసందు నిండా మరలే. మన్నార్ దీవిలో శ్రీలంక 2020లో తంబపవని పేరుతో 103.5 మెగావాట్ల గాలి విద్యుత్ కేంద్రం ప్రారంభించింది. సముద్రంలో మరలు పాతడానికి మన దేశం ఎంచుకున్న తీరాల్లో గుజరాత్‌తో పాటు మన్నార్ సింధుశాఖ కూడా ఉంది. మర రెక్కలు తిరిగేది నూరు మీటర్ల ఎత్తున కాబట్టి నీటి మీద గాలి అంత ఉండదు, నిజమే. కానీ ఏ నెలలో వస్తుంది, ఏ దిక్కునుంచి వస్తుంది అనే సంగతికి ఆ సాక్ష్యం చాలు.

టికెట్లు కొనే ముందు విండ్‌గురులోనో విండీలోనో వాతావరణ సూచన చూసి నిర్ణయించుకునేవాళ్లున్నారు. రెండు నెలల తర్వాతి గాలిని ఏ సూచనా చెప్పలేదు. ఐదారు రోజులు దాటితే అంకెలు ఊహకు దగ్గరగా పోతాయి. సెలవు పెట్టేటప్పుడు చూడాల్సింది గడిచిన ఏళ్లలో ఆ నెల ఎలా వీచిందన్న లెక్కలు. సూచన పనికొచ్చేది బయల్దేరే వారంలో, అక్కడ ఏ రోజు నీళ్లలో దిగాలి, ఏ రోజు ధనుష్కోడి చూసి రావాలి అని తేల్చుకోవడానికి.

సూచన పట్టిక చదవడం కూడా ఒక పనే. ఉదాహరణకు ఒక రోజు వరసలో ఉదయం 8కి 11, మధ్యాహ్నం 2కి 18, సాయంత్రం 5కి 16 అని ఉందనుకోండి. దాని కింద ఇంకో వరస ఉంటుంది, విసురుగాలిది. అక్కడ 13, 21, 19 అని ఉంటే ఆ రోజు నిండు పండగ. సగటు 12 ఉండి విసురు 24 చూపిస్తే మాత్రం ఆ రోజు మానుకోవాలి. కైట్ ఒక నిమిషం ఉసూరుమని, మరు నిమిషం మిమ్మల్ని ఎత్తేస్తుంది. మూడోది బాణం. గాలి ఒడ్డుకు పక్కవాటంగా గాని, కాస్త ఒడ్డు వైపు వాలి గాని వీచాలి. నేల మీదనుంచి సముద్రంలోకి వీచే గాలి కొత్తవాళ్లకు పనికిరాదు, బోర్డు జారిపోతే మనిషిని నడిసముద్రానికి తోసేస్తుంది. రామేశ్వరం సౌకర్యం ఇక్కడే తెలుస్తుంది. అది దీవి. ఉత్తరాన పాక్ జలసంధి వైపు ఒక తీరం, దక్షిణాన మన్నార్ వైపు ఇంకో తీరం, గాలి దిక్కు మారితే నేర్పేవాళ్లు జీపెక్కించి ఒడ్డు మారుస్తారు. కల్పిటియలో దాని బదులు లోతు తక్కువ, అలలు లేని లగూన్ ఉంది. పడితే లేచి నిలబడటానికి నేల దొరకడం మొదటి మూడు రోజుల్లో ఎంత ధైర్యమో చెప్పలేను. ఈత మాత్రం ముందే వచ్చి ఉండాలి.

ఆఫీసు సంగతికొద్దాం. మేనేజరు దగ్గర కైట్, గాలి, నైరుతి అని ఉపన్యాసం ఇవ్వకండి. రెండు నెలల ముందు ఇంత రాస్తే చాలు: "సర్, ఆగస్టు 10 నుంచి 17 వరకు సెలవు కావాలి. తేదీలు మార్చడం కుదరదు. జూలై రిలీజ్ అయ్యాక, తర్వాతి రిలీజ్ మొదలవకముందు పడేలా చూసుకున్నాను. నా పని ఎవరు చూస్తారో వాళ్లతో మాట్లాడి పేరు రాస్తున్నాను." తేదీలు ఎందుకు మారవో అడిగితే అప్పుడు గాలి గురించి చెప్పండి, నవ్వుతూ ఒప్పుకుంటారు. మార్చి ముగింపు లెక్కలున్నవాళ్లు ఈశాన్య విడతలో ఫిబ్రవరి మొదటి సగం దాటనివ్వకూడదు. బ్యాంకువాళ్ల కష్టం వేరు. కీలక బాధ్యతల్లో ఉన్నవాళ్లు ఏటా కనీసం 10 పనిదినాలు ఒకేసారి తప్పనిసరి సెలవులో ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన, పైగా అది ముందు చెప్పకుండా ఇచ్చే సెలవు. గాలీ సెలవూ రెండూ చెప్పకుండా వచ్చేవైతే ప్లానింగ్ అనే మాటకు అర్థం లేదు, వాళ్లు మామూలు సెలవులే వాడుకోవాలి.

ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి పొద్దున పని, మధ్యాహ్నం కైట్ అనే ఆలోచన చాలామందికి వస్తుంది. శ్రీలంక గడియారం మనదే కాబట్టి మీటింగులకు ఇబ్బంది లేదనీ అనిపిస్తుంది. కంపెనీ అనుమతి లేకుండా ఆఫీసు ల్యాప్‌టాప్ దేశం దాటించకండి. పర్యాటక వీసా మీద అక్కడ కూర్చుని పనిచేయడం మరో చిక్కు. రామేశ్వరంలో ఆ గొడవ లేదు గాని, రెండు గంటలు కైట్ పట్టిన చేతులతో సాయంత్రం నాలుగింటికి క్లయింట్ కాల్‌లో నిద్రపోకుండా ఉండగలరా అన్నది మీరే తేల్చుకోండి. నన్నడిగితే వద్దంటాను.

డబ్బు కట్టేముందు నేర్పేవాళ్లను ఒక్కటి అడగాలి: ఫీజు రోజులకా, నీళ్లలో ఉన్న గంటలకా? గంటలకైతే గాలి లేని రోజు మీ జేబుకు చిల్లు పడదు. మిగిలిన గంటలు తర్వాతి సీజనుకు దాస్తారో లేదో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. సామాను వాళ్లే ఇస్తారు, మొదటి సెలవుకే కైట్ కొనకండి. ప్రయాణ బీమా తీసుకుంటే నీటి సాహసక్రీడలు అందులో ఉన్నాయో లేవో చదివి తీసుకోండి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఇన్ని తిప్పలు లేవు. ఒమన్‌లోని మసీరా దీవికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇదే నైరుతి గాలి. ఒరెగాన్‌లో హుడ్ రివర్ దగ్గర వేసవిలో పసిఫిక్ చల్లగాలి కొలంబియా లోయగుండా లోపలి ఎడారి వేడికి పరుగెడుతుంది. బే ఏరియాలో అయితే ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం దాటాకే గాలి లేస్తుంది కాబట్టి సెలవే అక్కర్లేదు, నాలుగింటికి లాగవుట్ అయితే చాలు.

హైదరాబాదు నుంచి రామేశ్వరం వెళ్లేవాళ్లు మదురైలో దిగి రోడ్డు మీద 170 కిలోమీటర్లు పోవాలి. రైలైతే 2025 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త పాంబన్ వంతెన మీదుగా దీవిలోకే చేరుతుంది. తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రికి పెట్టుకుంటే ఆ రోజు గాలి కూడా చేజారదు. ఆఫీసులో చేరేది మాత్రం మంగళవారం అని రాయండి. సోమవారం ముంజేతులు మౌస్ పట్టుకునే స్థితిలో ఉండవు.