డీజిల్ పొగకు అమ్మోనియా విరుగుడు

ముఖేడ్ రోడ్లపై తిరిగే డీజిల్ లారీలు, బస్సుల పొగలో నైట్రోజన్ ఆక్సైడులు ఉంటాయి. ఇవి ఊపిరితిత్తులకు హానికరం. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలైన బీఎస్-6 ప్రమాణాలను పాటించడానికి అనేక భారీ వాహనాలలో ఒక ద్రవాన్ని వేడి పొగలోకి చిమ్మే ఏర్పాటు ఉంది. అందులో యూరియా 32.5 శాతం, మిగిలినది శుద్ధజలం. వేడికి యూరియా నుండి అమ్మోనియా వెలువడుతుంది. ఉత్ప్రేరకంపై అది నైట్రోజన్ ఆక్సైడులతో కలిసి హానిలేని నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుతుంది.

ఈ పనికి వెనేడియం ఆక్సైడు చిరకాలంగా వాడుకలో ఉంది. అధిక వేడిని తట్టుకొనేందుకు ఇనుము వెనడేట్ వంటి లోహ వెనడేట్లనూ పరిశోధించారు. అయితే సోడియం, పొటాషియం లవణాలు చేరితే ఉత్ప్రేరకం శక్తి క్షీణిస్తుంది. కావున పొలానికి వాడే వేపపూత యూరియాను బోరునీటిలో కలిపి ఆ ట్యాంకులో పోయరాదు. అలా మిగిలే కొద్ది రూపాయలకు వాహనమూ, ఊరి గాలీ రెండూ చెడతాయి.